నారింజలయ్యాక

మామ పోయాడన్న కబురు నాకు అల్ రయ్యాన్ నుంచి అల్ షహానియా వెళ్ళే రోడ్డు మీద తెలిసింది. పొద్దున ఏడు కావస్తోంది. పికప్ వెనకాల రెండు ఎరువు బస్తాలు, మేకలకు దాణా ఉన్నాయి. ఫోనులో అత్త పేరుతో వాయిస్ మెసేజ్ వచ్చి పడింది. అత్త శుక్రవారం తప్ప ఎప్పుడూ పలకరించదు. ఆ రోజు మంగళవారం. బండి పక్కకు తీసి విన్నాను. "మీ మామ పోయిండు బిడ్డా. తిని పండుకున్నడు, తెల్లారి లేవలే. నీకు జెప్పకుంటే ఎట్ల అని జెప్తున్న." అంతే. వెనకాల ఎవరో ఏడుస్తున్నారు. ఆమె గొంతు మాత్రం మామూలుగానే ఉంది.

మూడుసార్లు విని బండి మళ్ళీ రోడ్డెక్కించాను. తోటకు వెళ్ళి ముందు నీళ్ళ వాల్వు తిప్పాను. పదకొండు నారింజ చెట్లకూ నీళ్ళు అందాయని చూసుకున్నాకే కింద కూర్చున్నాను. కాయ మీద ఆకుపచ్చ విరిగి పసుపు తిరుగుతున్న రోజులవి. ఆ సమయంలో ఒక్కపూట నీళ్ళు తప్పినా కాయ పగులుతుంది. ఆ సంగతి నాకు నేర్పింది ఆయనే.

ఆయన నాకు చుట్టం కాదు. ఆయనది నల్లగొండ జిల్లా, బత్తాయి తోటల ఊరు. నాది రాయచోటి పక్క, వేరుశెనక్కాయ తప్ప ఇంకోటి పండని మెట్ట. మేమిద్దరం ఒకే యజమాని కింద పనిచేశాం. ఈ అరబ్బు దేశంలో వీసా ఇచ్చి పనికి తెచ్చుకునే యజమానిని కఫీల్ అంటారు. నేను అల్ రయ్యాన్‌లో కఫీల్ ఇంటి డ్రైవర్ని. ఆయన అల్ షహానియాలో కఫీల్ తోటకు కాపరి. వారానికి రెండుసార్లు సామాను వేసుకుని తోటకు పోవడం నా డ్యూటీలో ఒక భాగం. మొదటి రోజే నేను మామా అన్నాను, ఆయన అల్లుడా అన్నాడు. తరవాత నీళ్ళ ట్యాంకరు నడిపే పాకిస్తానీ, పక్క ఒంటెల ఫారం నేపాలీలు కూడా ఆయన్ని మామా అనే పిలిచేవాళ్ళు. అదే ఆయన పేరనుకున్నారు వాళ్ళు. ఆయన ఎవరినీ సరిదిద్దలేదు.

తోట అంటే మీ కళ్ళముందు పచ్చదనం మెదిలితే దాన్ని కాస్త పక్కన పెట్టండి. తారు రోడ్డు నుంచి నాలుగు కిలోమీటర్లు గులకరాళ్ళ మీద పోతే ఇనపకంచె వస్తుంది. లోపల కొన్ని ఖర్జూర చెట్లు, మేకలకు పెంచే గడ్డి, ఒక టెంటు, ఒక బోరు, ఒక గది. కంచె అవతల నాలుగు దిక్కులా ఒకటే రంగు. మనిషి అలికిడి వినాలంటే ఒంటెల ఫారం వైపు గాలి తిరగాలి. ఆ గదిలో మామ పదకొండేళ్ళున్నాడు. అందులో చివరి ఏడేళ్ళు ఒక్కసారి కూడా ఇంటికి పోలేదు. ఎందుకు పోలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మామ వచ్చిన నాలుగో ఏడు కఫీల్ కుటుంబంతో స్పెయిన్ పోయి వచ్చాడు. వచ్చాక ఒక సాయంత్రం స్నేహితుల్ని తోటకు పిలిచాడు. వాళ్ళను తెచ్చింది నేనే. టెంటులో కూర్చుని ఫోనులో వీడియో చూపిస్తున్నాడు. ఏదో పల్లెటూరు. తెల్లసున్నం గోడలు, ఇరుకు వీధి, ఇళ్ళ వెనకాల నారింజ తోట. ఒక ముసలాయన చెట్టు మీంచి కాయ తెంపి, చాకుతో రెండు ముక్కలు చేసి కఫీల్ చేతిలో పెడతాడు. కఫీల్ కొరుకుతాడు. రసం మోచేతి దాకా కారుతుంది. అంత పెద్దమనిషి పసిపిల్లాడిలా నవ్వుతాడు. మనం అంగళ్ళలో కొనేది పండు కాదని, ఆ ఊళ్ళో తిన్నదే పండని స్నేహితులకు చెబుతున్నాడు. ఆ ఊరివాళ్ళ భాషలో దాన్ని నరాంహ అంటారట. పొయ్యిలోకి కట్టెలు తెచ్చిన మామ ఆ మాట విని తల ఎత్తాడు. మా దగ్గర నారింజ అంటారని తనకొచ్చిన హిందీలో చెప్పాడు. కఫీల్‌కు సరదా వేసి ఫోను ఆయన చేతికిచ్చాడు.

మామ వీడియో రెండుసార్లు చూశాడు. ఇది అంటు చెట్టని, పన్నెండేళ్ళ వయసుంటుందని, నీళ్ళు ఎక్కువ పెడుతున్నారు కాబట్టి తోలు మందంగా ఉందని చెప్పాడు. నీకెలా తెలుసని కఫీల్ అడిగాడు. ఇరవై ఏళ్ళు బత్తాయి తోట చేశానని మామ అన్నాడు. ఆ తోట ఏమైందో ఆ రోజు చెప్పలేదు. బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోతే, నిలబడే ఎండిపోయిన చెట్లను తన చేత్తోనే నరికి ఇక్కడికి వచ్చాడు. అది నాకు చాలా రోజుల తరవాత తెలిసింది.

కఫీల్ మరో ప్రశ్న అడిగాడు. ఈ నేలలో నారింజ వస్తుందా అని. మామ నేల వైపు చూశాడు, ఆకాశం వైపు చూశాడు, వస్తుందన్నాడు.

"ఆ ఒక్క మాట నన్ను కట్టేసింది అల్లుడా" అనేవాడు తరవాత. "రాదంటే అయిపోతుండె. నా నోరే నాకు పగ."

ఎండాకాలం సెలవుకు ఆయన టికెట్టు మాట అప్పటికే నడుస్తోంది. రెండు నెలలు తిరక్కుండా విమానంలో ఇరవై అంటుమొక్కలు దిగాయి. స్పెయిన్ నుంచే. నల్ల కుండీలు, ఒక్కోదానికి ఒక చీటీ. కఫీల్ స్వయంగా వచ్చి ఒక్కొక్కటీ దించుకున్నాడు. మామ సెలవు గురించి అడిగితే భుజం మీద చెయ్యి వేసి, "బాద్ బుర్తుకాల్, ఇన్షా అల్లా" అన్నాడు. బుర్తుకాల్ అంటే నారింజ. నారింజలయ్యాక పోదువులే అని.

ఆ మాట మామ ఏడేళ్ళు విన్నాడు. మొదటి ఏడు, వేరు పట్టేదాకా ఆగమన్నారు. రెండో ఏడు, పూత చూసి పొమ్మన్నారు. మూడో ఏడు పూతంతా వేడిగాలికి రాలిపోయింది, వచ్చే ఏడు చూద్దామన్నారు. నాలుగో ఏడు కాయ నిలిచింది కానీ నోట్లో పెట్టుకుంటే పళ్ళు జివ్వుమన్నాయి. తీపి తిరిగాక పోదువులే అన్నారు.

బోరునీళ్ళు ఉప్పు. వాటిలో సగానికి సగం కలపడానికి మంచినీళ్ళు ట్యాంకరులో రావాలి. నేల మార్చి, గుంత కింద కంకర పోసి, పైన పచ్చని వల కట్టి పెంచినా మొదటి ఎండాకాలమే తొమ్మిది మొక్కలు చచ్చిపోయాయి. చచ్చిన ప్రతి మొక్కనూ మామ వేళ్ళతో సహా పెకలించి, బకెట్లో కడిగి, ఆ వేళ్ళను చూసేవాడు. నాకూ చూపించేవాడు. "ఇగో, ఈడ ఉప్పు కొరికింది." పొద్దునే ప్రతి చెట్టు నుంచీ ఒక లేతాకు తెంపి నములుతూ తిరగడం ఆయన అలవాటు. ఆకు నోట్ల పెట్టుకుంటె చెట్టు కడుపుల ఏమున్నదో తెలుస్తది అనేవాడు. నేను నమిలితే నాకు చేదు తప్ప ఏమీ తెలిసేది కాదు. ఎండకు భయపడకు, గాలికి భయపడు అని ఇంకో మాట. పడమటి గాలి లేచే రోజున వల తాళ్ళు బిగిస్తూ ఆయన పరుగులు పెడుతుంటే, మనిషికి అరవై దగ్గర పడుతున్నాయని ఎవరూ అనుకోరు.

కఫీల్ చెడ్డవాడు కాడు. ఇది స్పష్టంగా చెప్పాలి. గదికి కొత్త ఏసీ పెట్టించాడు. ఇంటివాళ్ళను చూసి మాట్లాడుకొమ్మని పెద్ద ఫోను కొనిచ్చాడు. పండగ రోజున తన చేత్తో మాంసం తెచ్చి పెట్టేవాడు. వచ్చిన ప్రతిసారీ మామను కౌగలించుకునేవాడు. మా పాస్‌పోర్టులు మాత్రం ఆయన ఇంటి బీరువాలో ఉండేవి. మనిషి పాస్‌పోర్టు మనిషి దగ్గరే ఉండాలని ఇక్కడ చట్టముంది. నేనొకసారి ఆ మాట ఎత్తి, లేబరు ఆఫీసుకు పోయి చెప్పుకుందామా మామా అన్నాను. ఆయన చాలాసేపు చేతిలో మట్టి నలుపుతూ కూర్చున్నాడు.

"తిట్టెటోని కాడికెంచి ఉరకొచ్చు" అన్నాడు. "మంచోని కాడికెంచి ఎట్ల ఉరుకుత? ఆయిన్ని ఆడ నిలబెట్టి నేను ఇంటికి పోవాల్నా?"

మళ్ళీ ఆ సంగతి నేను ఎత్తలేదు.

బత్తాయి తోటల వాళ్ళకు బెట్ట అనే మాట తెలుసు. పూత కోసం చెట్టుకు కొన్ని వారాలు నీళ్ళు ఆపేస్తారు. ఆకు వడలి, చెట్టు చచ్చిపోతానేమో అని భయపడ్డాక నీళ్ళు వదులుతారు. అప్పుడు కొమ్మకొమ్మకూ పూస్తుంది. ఆ లెక్కన నన్ను గూడ బెట్టకు పెట్టిండు మీ కఫీలు అని మామ ఒకరోజు నవ్వాడు. బెట్ట ఎక్కువైతే ఏమవుతుందని నేను అడిగాను. ఆయన నవ్వు ఆపి గడ్డి వైపు వెళ్ళిపోయాడు.

పొద్దున పది గంటలకు అత్త ఫోను వచ్చేది. మామ వీడియో ఆన్ చేసి ఫోను చెట్ల వైపు తిప్పి చూపించేవాడు. మొదట్లో ఆమె కుతూహలంగా చూసేది. నాలుగో ఏడు వచ్చేసరికి, "ఆ చెట్లకు నువ్వేమన్న పుస్తె కట్టినవా?" అని అడిగింది. పక్కనే ఉన్న నేను నవ్వాపుకోలేకపోయాను. మామ కూడా నవ్వాడు. ఫోను పెట్టేశాక మాత్రం ఆ పూట అన్నం తినలేదు.

ఐదో ఏడు ఆగస్టులో బోరు మోటరు కాలిపోయింది. కఫీల్ కుటుంబమంతా యూరప్‌లో ఉన్నారు. మెకానిక్కు మూడు రోజులు పడుతుందన్నాడు. ట్యాంకరు వాళ్ళు రేపంటే రేపన్నారు. వల కింద నీడలో కూడా నేల కాలుతోంది. మధ్యాహ్నానికి ఆకులు ముడుచుకుని గొట్టాల్లా అయ్యాయి. నేను మామ పక్కన కూర్చుని చాలా రోజులుగా మనసులో ఉన్న మాట బయటికి అన్నాను.

"మామా, ఇదే అదను. మనం చేసిందేం లేదు, మోటరు కాలింది. ఊరికే కూచుంటే చాలు. చెట్లు లేకపోతే నిన్ను ఎవురు ఆపుతారు?"

ఆయన నా వైపు తిరగలేదు. చెట్లనే చూస్తున్నాడు. ఆ ఆలోచన ఆయనకు కొత్త కాదని ఆ మౌనంలో నాకు అర్థమైంది. చాలాసేపయ్యాక లేచి ప్యాంటు దులుపుకున్నాడు.

"ఒకపాలి ఎండిన తోట నరికిన. ఇంకోపాలి నాతోని కాదు" అన్నాడు. "బండి తీయ్."

రెండు కిలోమీటర్ల అవతల ఒంటెల ఫారంలో బతిమాలి, ప్లాస్టిక్ డ్రమ్ముల్లో నీళ్ళు తెచ్చాం. మూడు రోజులు. డ్రమ్ము బండి మీంచి దించడం, బకెట్లతో పాదుపాదుకూ పోయడం. నేను నీడకు పోయి నీళ్ళు తాగి వచ్చేవాణ్ణి. ఆయన పోయేవాడు కాదు. మూడో రోజు మధ్యాహ్నం ఎనిమిదో చెట్టు దగ్గర చేతిలో బకెట్టుతోనే కూలబడ్డాడు. నేను బకెట్టు లాక్కుని ఆయన తల మీద పోయబోతే, చెయ్యి అడ్డం పెట్టి చెట్టు వైపు చూపించాడు. నేను ఆయన తల మీదే పోశాను. జీవితంలో ఆయన మాట కాదన్నది ఆ ఒక్కసారే.

చెట్లు బతికాయి. మామ కాళ్ళు మాత్రం వాచిపోయాయి. క్లినిక్కులో డాక్టరు కిడ్నీలు దెబ్బతిన్నాయని, ఇక ఎండలో పని చేయకూడదని చెప్పాడు. మామ తలూపి, మందులు జేబులో వేసుకుని, తోటకు పోదాం పద అన్నాడు.

ఆ చలికాలంలోనే పండు తీపి తిరిగింది.

కఫీల్ కుటుంబమంతా వచ్చారు. చెట్ల మధ్య తివాచీ పరిచాం. మొదటి పండు కఫీల్ తనే తెంపి, తను తినకుండా, మామ చేతిలో పెట్టాడు. అందరూ చూస్తుండగా మామ వలిచి ఒక తొన నోట్లో వేసుకున్నాడు. ఎలా ఉందని అడిగితే తీపే అన్నాడు. ఆ తరవాత పిల్లలు చెట్ల మీద పడ్డారు. కఫీల్ ఒక పండు చాకుతో కోసి, స్పెయిన్ వీడియోలోలాగే కొరికి, రసం మోచేతి దాకా కార్చుకుని నవ్వాడు. ఆ నవ్వు చూసి మామ కూడా నవ్వాడు. ఆ నవ్వులో అబద్ధం లేదని నేను ప్రమాణం చేసి చెప్పగలను.

మరుసటి శుక్రవారం మేమిద్దరమే తిన్నాం. ఎండకు వెచ్చబడ్డ మూడు పండ్లు. మామ తొందరపడలేదు. తోలు తీసి, తొన తొన విడదీసి, గింజలు అరచేతిలోకి ఊస్తూ, కళ్ళు మూసుకుని తిన్నాడు. ఆ పండు రుచి నేనిప్పటికీ చెప్పగలను. పులుపు ముందొచ్చి నాలుక అంచుల్ని పట్టుకుంటుంది. మింగబోతుండగా తీపి వస్తుంది. చిట్టచివర, గొంతులోకి దిగాక, ఎక్కడో ఒక చిటికెడు ఉప్పు. ఉప్పు తగిలిందా అని మామ అడిగాడు. తగిలిందన్నాను. అది ఈ నేలది, అదెక్కడికీ పోదన్నాడు. అయినా ఇంత మంచి పండు నేను మళ్ళీ తినలేదు. ఆ రోజు మా ఇద్దరి చేతులూ సాయంత్రం దాకా నారింజ వాసన వేశాయి. రెండు కాళ్ళూ చాపుకుని చెట్టుకు ఆనుకుని, ఇక పోతా అల్లుడా, ఇక ఆపడానికి ఏముంది అన్నాడు.

ఆ నెలాఖరున కఫీల్‌ను అడిగాడు. నేనూ అక్కడే ఉన్నాను. కఫీల్ ముఖం నిజంగానే చిన్నబోయింది. ఇప్పుడే కదా కాపు మొదలైంది, నువ్వు పోతే వీటిని ఎవరు చూస్తారు, ఇంకొక్క సీజను, బాద్ బుర్తుకాల్ అన్నాడు. పండు రానప్పుడు పండు కోసం ఆపాడు. ఇప్పుడు పండు వచ్చినందుకు ఆపాడు. కఫీల్ బండి పోయాక మామ కంచె దాకా నడిచి వెళ్ళి, తీగలు పట్టుకుని, రోడ్డు ఉండే వైపు చూస్తూ నిలబడ్డాడు. రోడ్డు అక్కడి నుంచి కనిపించదు.

తరవాతి వారం నేను వెళ్ళినప్పుడు టీ పెట్టి కూర్చోబెట్టాడు. నీకు ఈ పని నేర్పుతానన్నాడు. నాకు సంతోషమే వేసింది. కొమ్మ కత్తిరించడం ఎలాగో ఎప్పటినుంచో అడుగుతున్నాను. ఆయన చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు.

"ముందు ఇను. నువ్వు నేర్సినంక ఆయిన నన్ను వదుల్తడు. నిన్ను పట్టుకుంటడు. నన్ను పట్టుకున్నట్టే. నీకు జెప్పకుండ నేర్పొచ్చు, కానీ అది పాపం. అందుకే జెప్తున్న. వద్దంటే వద్దను."

నాకు ఒళ్ళు మండింది. నేర్పకపోయినా బాగుండేది, చెప్పకుండా నేర్పినా బాగుండేది. చెప్పి నా చేతిలో పెట్టడమేమిటి? టీ అక్కడే వదిలేసి వచ్చేశాను. మూడు వారాలు గేటు దగ్గర సామాను దింపి, హారను కొట్టి తిరిగి వచ్చేవాణ్ణి. అద్దంలో ఆయన నెమ్మదిగా గేటు వైపు రావడం కనిపించేది. బండి ఆపలేదు. ఈ మూడు వారాల గురించి రాయకుండా ఉండొచ్చు. కానీ ఆయన నాకు దాచకుండా చెప్పాడు కాబట్టి నేనూ దాచకూడదనిపించింది.

నాలుగో వారం అత్త నాకు ఫోను చేసింది. అప్పటిదాకా ఆమె నాతో విడిగా మాట్లాడలేదు.

"బిడ్డా, ఒక్కటి అడుగుత, నిజం జెప్పు. మీ మామ లేసి నడుస్తుండా?"

"నడుస్తాండాడు అత్తా" అన్నాను.

"మరి ఎప్పుడు జూసినా కూసోనే కనవడుతడేంది?"

కాళ్ళ వాపు కనపడకుండా ఆయన ఫోను ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నాడని నాకు అప్పుడే తెలిసింది. ఆ మధ్యాహ్నమే తోటకు పోయి, గేటు దాటి లోపలికి బండి నడిపి, ఎక్కడ మొదలుపెట్టాలి మామా అన్నాను. ఆయన కృతజ్ఞతలూ చెప్పలేదు, క్షమాపణా అడగలేదు. ఒక ఆకు తెంపి చేతికిచ్చి, నములు అన్నాడు.

ఏడాదిన్నర నేర్పాడు. పాదు ఎంత వెడల్పు తీయాలి, ఉప్పు పైకి తేలినప్పుడు మంచినీళ్ళతో ఎలా కడగాలి, బెట్ట ఎప్పుడు చాలించాలి. తిట్టేవాడు కాదు. నేను తప్పుగా కత్తిరించిన కొమ్మకు నా చేతే మైనం పూయించేవాడు. చెట్టుకు అబద్ధం జెప్పరాదు, నీళ్ళు పెట్టిన అని దాన్తోని అంటే నమ్మదు అనేవాడు. ఆఖరి ఎండాకాలం ఆయన వల కింద మంచం వేసుకుని పడుకుంటే రోజూ వచ్చి నేనే అంతా చేశాను. ఒక్క చెట్టు కూడా పోలేదు. చలికాలం కాపు చూసి కఫీల్ నా వీపు తట్టాడు. మరుసటి వేసవి మొదట్లో మామ పాస్‌పోర్టు బీరువాలోంచి బయటికొచ్చింది.

ఎయిర్‌పోర్టుకు నేనే తీసుకెళ్ళాను. కఫీల్ ఒక అట్టపెట్టె నిండా మంచి మంచి పండ్లు ఏరి పంపాడు. చల్లపెట్టెలో దాచిన ఆఖరి కాపు. మామ ఆ పెట్టె బండిలోనే వదిలేశాడు. నువ్వు తిను, నీ గదిలోవాళ్ళకు పెట్టు అన్నాడు. దిగేముందు నా చెయ్యి పట్టుకుని, నిన్ను ఆడ పెట్టి పోతున్న, తెలుసు అన్నాడు. నేను పర్లేదు మామా అన్నాను. పర్లేదని ఆ రోజు నాకు అనిపించలేదు. ఈ రోజూ పూర్తిగా అనిపించడం లేదు. అయినా ఆ మాట అన్నందుకు ఇప్పుడు సంతోషంగా ఉంది.

ఇంట్లో ఐదు నెలలు ఉన్నాడు. ఐదు నెలలే.

ఆయన పోయిన రెండో రోజు కఫీల్ తోటకు వచ్చాడు. చెట్ల మధ్య ఒక్కడే తిరిగాడు. కళ్ళు తుడుచుకున్నాడు. వెళ్ళబోతూ నీకేమైనా కావాలా అని నన్ను అడిగాడు. సెలవు కావాలన్నాను. అలవాటుగా ఆయన నోటి నుంచి అదే మాట వచ్చింది, బాద్ బుర్తుకాల్ అని. మామకూ అదే చెప్పారు అని నేను అన్నాను. నా గొంతు పెరగలేదు. ఆయన నా వైపు చూసి, బండెక్కి తలుపు వేసుకున్నాడు. చాలాసేపు బండి కదల్లేదు. రెండు రోజుల తరవాత నా పాస్‌పోర్టు ఒక కవరులో తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఎప్పుడు పోతావో నువ్వే చెప్పమన్నాడు.

అది ఇప్పుడు నా పెట్టెలో ఉంది. మూడు వారాలైంది. కాయ రంగు తిరిగే కాలం, నీళ్ళు తప్పకూడదు. ఆ తరవాత కోత. కోత అయ్యాక చెట్టు అలసి ఉంటుంది, ఎరువు వేయాలి. ఎరువు వేశాక పోవచ్చు. ఈ లెక్క వేసుకుంటూ ఒకరోజు నేనే ఉలిక్కిపడ్డాను. నన్ను ఇప్పుడు ఎవరూ ఆపడం లేదు. ఆ ఆగస్టు మధ్యాహ్నం మామ ఎందుకంతసేపు మౌనంగా కూర్చున్నాడో, తరవాత ఎందుకు లేచాడో, నాకు ఇప్పుడు తెలుస్తోంది. మాఘమాసానికి టికెట్టు తీసుకున్నాను. అప్పటికి పొద్దున నీళ్ళు పెట్టే మనిషిని చూడమని కఫీల్‌కు చెప్పాను. ఆ మనిషి వచ్చినప్పుడు ముందు ఏం చెప్పాలో నాకు తెలుసు.

మామ పోయిన పదకొండో రోజు అత్తకు ఫోను చేశాను. మామ ఇంటికొచ్చాక ఏం చేసేవాడని అడిగాను. చెట్లేమైనా పెట్టాడేమో అనుకున్నాను. ఒక్క మొక్క పెట్టలేదట. ఎవరి తోటలోకీ పోలేదట. పొద్దెక్కేదాకా పడుకునేవాడట. మరి ఏం చేసేవాడు అత్తా అంటే ఆమె వాన సంగతి చెప్పింది. ఆయన దిగిన రెండో వారంలో వానలు మొదలయ్యాయి. వాన మొదలైతే చాలు, వాకిట్లోకి పోయి నిలబడేవాడట. కాళ్ళకు చెమ్మ మంచిది కాదు, లోపలికి రమ్మని పిలిచినా వచ్చేవాడు కాదట. వాళ్ళ ఇంటి ఎదురుగా ఎవరూ దున్నని మెట్ట చెలక ఉంది. సర్కారు తుమ్మ, పల్లేరు, బండరాళ్ళు. ఆయన దాని వైపే చూస్తూ నిలబడేవాడట.

"ఏం జూస్తున్నవయ్యా అంటె, సూడే, దానికి గూడ పడుతున్నది, ఎవ్వలు నీళ్ళు మోయకుండ అనెటోడు బిడ్డా."

వాన తగ్గేదాకా అలాగే నిలబడేవాడట. రెండు చేతులూ ఖాళీగా కిందికి వదిలేసి, గడ్డం మీంచి నీళ్ళు కారుతుంటే, పనికిరాని ఆ ముళ్ళచెట్లు తడవడం చూస్తూ.